బాజా తీసేస్తే పాటలో ఏం మిగులుతుంది?

ముషాయరాలకు వెళ్లే అలవాటున్న వాళ్లకు ఈ తకరార్ పాతదే. ఒక షాయర్ తన గజల్‌ని తరన్నుంలో, అంటే రాగం తీస్తూ చదువుతాడు. మెహఫిల్ మొత్తం వాహ్ వా అంటూ ఊగిపోతుంది. అదే గజల్‌ని ఇంకో రోజు తహత్‌లో, అంటే రాగం లేకుండా ఉత్త మాటగా చదివితే సగం మంది ముఖాలు చిన్నబోతాయి. మిగతా సగం మంది మాత్రం "ఇవాళే షేర్ అర్థమైంది భాయ్" అంటారు. జిగర్ మురాదాబాదీ తరన్నుం కోసం జనం పడిచచ్చేవాళ్లని మా పెద్దలు చెప్పుకునేవాళ్లు. కైఫీ ఆజ్మీ తహత్ వింటే ఒళ్లు జలదరిస్తుందని కూడా వాళ్లే చెప్పేవాళ్లు. రెండింటికీ ఆషిక్‌లున్నారు. ఒకరి మాట ఒకరు వినరు.

ఈసారి రాస్తున్నది ముషాయరా గురించి కాదు. అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన ఒక బ్యాండ్ గురించి, దాని ముందు నిలబడి పాడే మనిషి గురించి, అతని పాటల మీద అతని అభిమానులే రెండు జమాత్‌లుగా చీలి చేసుకునే బహస్ గురించి. బ్యాండ్ పేరు స్ట్రీట్‌లైట్ మానిఫెస్టో. మనిషి పేరు టోమస్ కల్నోకీ. ఆ బహస్ మా ఖాందాన్ దాకా ఎలా వచ్చిందో కూడా చెబుతాను. ముందు ఆ సంగీతం ఏమిటో చెప్పాలి. మన ఇళ్లలో గజల్, ఖవ్వాలీ, సినిమా పాట అందరికీ తెలుసు. 'స్కా' అనే లఫ్జ్ చాలామందికి కొత్త.

స్కా పుట్టింది జమైకా ద్వీపంలో, కింగ్‌స్టన్ నగరపు గల్లీల్లో. 1950ల చివర మొదలై, 1962లో ఆ దేశానికి ఆజాదీ వచ్చే నాటికి అక్కడి బీదవాళ్ల సంగీతమైపోయింది. అందులో గిటార్ తాళం మీద పడదు, తాళానికీ తాళానికీ మధ్య ఖాళీలో పడుతుంది. అందుకే వింటుంటే కాళ్లు వాటంతటవే ఎగురుతాయి. కానీ స్కాకి జాన్ మాత్రం బాజాలో ఉంది. ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సఫోన్. మన బరాత్ ముందు నడిచే బ్యాండ్‌ని గుర్తుచేసుకోండి. గుర్రం మీద దూల్హా ఉన్నా జనం కళ్లు ముందు ట్రంపెట్ ఊదేవాడి బుగ్గల మీదే ఉంటాయి. స్కాలోనూ అంతే.

ఆ బాజా వెనక ఒక కథ ఉంది. కింగ్‌స్టన్‌లో కేథలిక్ సన్యాసినులు నడిపిన ఆల్ఫా బాయ్స్ స్కూల్ అనే బడి ఉండేది. యతీమ్ పిల్లలు, ఇల్లు గడవని కుటుంబాల పిల్లలు అక్కడ పెరిగేవాళ్లు. ఆ బడి వాళ్లకు బాజా ఊదడం నేర్పింది. 1964లో ఏర్పడిన స్కటలైట్స్ అనే బృందంలో డాన్ డ్రమ్మండ్, టామీ మెకుక్, జానీ మూర్, లెస్టర్ స్టెర్లింగ్ నలుగురూ ఆ బడి పిల్లలే. స్కాకి పునాది వేసిన బృందాల్లో అది ముఖ్యమైనది. అంటే ఈ సంగీతంలో బాజా పైపై ముస్తాబు కాదు. ఎవరూ లేని పిల్లలు లోకానికి వినిపించిన ఆవాజ్ అది.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే మాట ఇంకోటి. స్కాని నిలబెట్టిన పెద్దల్లో ప్రిన్స్ బస్టర్ ఒకరు. 1964లో బాక్సర్ ముహమ్మద్ అలీని కలిశాక ఆయన ఇస్లాం స్వీకరించారు. 1979లో ఇంగ్లండ్‌లో మ్యాడ్‌నెస్ అనే బ్యాండ్ వచ్చింది. ఆ పేరు ప్రిన్స్ బస్టర్ పాట నుంచి తీసుకున్నదే. వాళ్ల మొదటి రికార్డు కూడా ఆయనకు పట్టిన సలామే. అదే కాలంలో కోవెంట్రీ నగరంలో తెల్ల, నల్ల కుర్రాళ్లు కలిసి ద స్పెషల్స్ అనే బ్యాండ్ పెట్టారు. 'ఎ మెసేజ్ టు యూ రూడీ' అనే పాటను వాళ్లు 1979లో మళ్లీ పాడారు. అసలు పాటను 1967లో పాడినవాడు డాండీ లివింగ్‌స్టన్. రెండు రికార్డుల్లోనూ ట్రాంబోన్ ఊదింది మాత్రం ఒక్కరే, ఆల్ఫా బడిలో పెరిగిన రీకో రోడ్రిగ్స్. పాడేవాళ్లు మారారు, దేశం మారింది, పన్నెండేళ్లు గడిచాయి. ఊపిరి మాత్రం అదే మనిషిది.

1990ల్లో స్కా అమెరికాలో జోరందుకుంది. అక్కడి కుర్రాళ్లు దానికి పంక్ సంగీతపు జోష్, కోపం, వేగం కలిపారు. కల్నోకీ ఆ దౌర్‌లో పైకి వచ్చినవాడు.

అతను పుట్టింది అప్పటి చెకోస్లొవేకియాలో. చిన్నప్పుడే కుటుంబం అమెరికాకు వలస వెళ్లి న్యూజెర్సీలో స్థిరపడింది. టీనేజ్‌లోనే క్యాచ్ 22 అనే బ్యాండ్‌లో పాడాడు. 1998లో వాళ్ల ఆల్బమ్ 'కీస్‌బీ నైట్స్' వచ్చింది. కీస్‌బీ ఒక చిన్న బస్తీ పేరు. న్యూజెర్సీలో వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్ కిందకు వస్తుంది. మన హైదరాబాదీలు, విజయవాడ వాళ్లు, గుంటూరు వాళ్లు దోసెకూ బిర్యానీకీ చుడీదార్లకూ వెళ్లే ఓక్ ట్రీ రోడ్డు ఎడిసన్‌లో సాగి ఐస్‌లిన్‌లోకి వెళ్తుంది. ఆ ఐస్‌లిన్ కూడా ఇదే టౌన్‌షిప్‌లోది. అంటే మనవాళ్లు శనివారం సరుకులు కొనుక్కునే చోటికి పక్కనే ఆ కుర్రాడు తన మొదటి ఆల్బమ్‌కి పేరు వెతుక్కున్నాడు. మా చెల్లెలి కొడుకు ఉండేదీ ఎడిసన్‌లోనే. పాటలు మా దాకా వచ్చిన దారి అది.

క్యాచ్ 22 నుంచి బయటికొచ్చాక కల్నోకీ 2003లో స్ట్రీట్‌లైట్ మానిఫెస్టోతో మొదటి ఆల్బమ్ తెచ్చాడు. ఏడుగురి బ్యాండ్‌గా దాన్ని జనం ఎరుగుదురు. గిటార్, బేస్, డ్రమ్స్ ముగ్గురివైతే, ఊదేవాళ్లు నలుగురు. రెండు సాక్సఫోన్లు, ఒక ట్రంపెట్, ఒక ట్రాంబోన్. పాట మొదలైతే ఊపిరి సలపదు. కల్నోకీ మాటలు బుల్లెట్ల వేగంతో వస్తాయి. ఆ మాటల సందుల్లోంచి నలుగురూ ఒక్కసారిగా ఊదుతారు. హాల్లో జనం ఒకరి మీద ఒకరు పడి ఎగురుతారు.

అదే మనిషికి ఇంకో పేరుంది. టో కే. ఆ పేరుతో అతను ఒక్కడే కుర్చీలో కూర్చుని అకౌస్టిక్ గిటార్‌తో పాడతాడు. బాజా లేదు, డ్రమ్స్ లేవు. 2010లో డాన్ పొటాస్ట్ అనే ఇంకో స్కా గాయకుడితో కలిసి ఒక ఆల్బమ్ చేశాడు. అందులో ఒకరి పాటలు ఒకరు పాడారు. 2011లో 'స్ట్రీట్‌లైట్ లలబైస్' వచ్చింది. బ్యాండ్ పాటలనే తీసుకుని నెమ్మదిగా, మెత్తగా, జోలపాటల్లా పాడిన ఆల్బమ్. పేరుకు అర్థం కూడా వీధిదీపపు జోలపాటలనే.

బహస్ ఇక్కడ మొదలవుతుంది.

ఒక జమాత్ అంటుంది: స్కా పాట నుంచి బాజా తీసెయ్యడమంటే దమ్ బిర్యానీలో దమ్ తీసెయ్యడం. మిగిలింది వేడన్నం. అవే పాటలు మళ్లీ పాడటం ఎందుకు, కొత్తవి రాయొచ్చుగా? ఒంటరిగా తిరగడానికి దొరికే టైము బ్యాండ్‌కి ఎందుకు దొరకదు? ఈ చివరి షికాయత్ వెనక ఒక డర్ ఉంది. 2013లోనే స్ట్రీట్‌లైట్ మానిఫెస్టో ఇకపై నెలల తరబడి సాగే పెద్ద టూర్లు చెయ్యబోమని ప్రకటించింది. బ్యాండ్ రద్దు కాలేదు. అయినా అభిమానులకు గుండె జారింది. ముందు ఒక్కడే పాడటం, తర్వాత టూర్లు తగ్గడం, ఆ తర్వాత ఏముంది అని.

రెండో జమాత్ అంటుంది: ఇన్నాళ్లూ మీరు ఎగిరారు గానీ వినలేదు. బ్యాండ్ పాటల్లో మరణం ఉంది, భయం ఉంది, ఖుదాతో వాదన ఉంది, దోస్తుని పోగొట్టుకున్న దుఃఖం ఉంది. అవన్నీ బాజా జోరులో కొట్టుకుపోతున్నాయి. 'ఎ బెటర్ ప్లేస్, ఎ బెటర్ టైమ్' అనే పాట 2003 ఆల్బమ్‌లోది. బతుకు మీద ఆశ వదులుకున్న ఒక మనిషితో, ఉండిపో అని మాట్లాడే పాట. జనం మధ్య చేతులు పైకెత్తి అరుస్తూ విన్నప్పుడు అది ధైర్యం చెప్పే నారా. ఒంటి గిటార్ మీద విన్నప్పుడు అర్ధరాత్రి ఫోన్‌లో ఒకరు ఇంకొకరితో నెమ్మదిగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అంత చీకట్లో ఉన్న మనిషికి ఏది కావాలి, నారానా, నెమ్మది మాటా? రెండో జమాత్ వాదన అదీ.

ఇద్దరి మాటా విన్నాక నాకు తోచింది ఒకటుంది. వీళ్లు ఒకే పాట మీద కొట్లాడుకోవడం లేదు. బ్యాండ్‌ని ఏళ్ల తరబడి విన్నవాడి చెవిలో బాజా ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. టో కే గిటార్ మీద పాడుతుంటే, ట్రంపెట్ రావలసిన చోట వీడి మనసు ట్రంపెట్ ఊదేస్తుంది. లేనిదాన్ని కూడా వింటాడు. కొందరికి ఆ లేమి గాయంలా తగులుతుంది, కొందరికి యాద్‌లా తీయగా ఉంటుంది. బ్యాండ్‌ని అసలు విననివాడు ఇదే రికార్డు వింటే వాడికి ఏ లోటూ తెలీదు. గిటార్, గొంతు, మాట. అంతే పాట అనుకుంటాడు. వీళ్లను ఒకచోట కూర్చోబెట్టి ఏది బాగుందో చెప్పమంటే జవాబు ఎలా వస్తుంది?

'అసలు ఏది, నకలు ఏది' అనే సవాల్ కూడా అనుకున్నంత సులువు కాదు. బ్యాండ్ జమాత్ దృష్టిలో బాజా ఉన్నదే అస్లీ, గిటార్‌ది నకలు. కానీ ఈ పాటల పుట్టుక చూడండి. స్ట్రీట్‌లైట్ మొదటి ఆల్బమ్ కంటే ముందు, 2001లో, కల్నోకీ బాండిట్స్ ఆఫ్ ది అకౌస్టిక్ రెవల్యూషన్ అనే బృందంతో చిన్న రికార్డు చేశాడు. పేరులోనే అకౌస్టిక్ ఉంది. అందులో వయొలిన్ లాంటి తీగ వాద్యాలూ ఉన్నాయి, బాజా కూడా ఉంది. 'హియర్స్ టు లైఫ్' పాట ముందు అందులోనే వచ్చింది. 2003లో స్ట్రీట్‌లైట్ ఆల్బమ్‌లోకి చేరి, ఇప్పుడందరూ అస్లీ అనుకునే రూపం తీసుకుంది. అంటే అభిమాని అస్లీ అని గుండెకు హత్తుకున్నది కూడా రెండో ముసాయిదానే. 2006లో అతను ఇంకా ముందుకెళ్లి, తన పాత బ్యాండ్ ఆల్బమ్ 'కీస్‌బీ నైట్స్'ని మొదటి నుంచి చివరిదాకా స్ట్రీట్‌లైట్‌తో మళ్లీ రికార్డు చేశాడు. అప్పుడూ ఇదే బహస్. ఈ మనిషి దగ్గర పాట ఎప్పుడూ పూర్తికాదు. మన ఇళ్లలో పాత షేర్వానీని విప్పి కొత్త కొలతకు మళ్లీ కుట్టిస్తారే, అలా.

ఇది నాకు ఎందుకు దగ్గరగా అనిపించిందో చెప్పాలి. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు. ఆ తర్వాత ఇన్నేళ్లూ తెలుగు జర్నలిజం. తలలో ఉర్దూలో పుట్టిన మాటను తెలుగులో రాసే పని నాది. ఆ దారిలో ఏదో ఒకటి రాలిపోతుంది. 'ఇంతెజార్' అన్నప్పుడు దాని వెనక వంద గజళ్లు మోగుతాయి. అదే నా బాజా. తెలుగులో 'ఎదురుచూపు' అని రాస్తే ఆ గజళ్లు ఆగిపోతాయి. కానీ అప్పుడే ఇంకోటి కనిపిస్తుంది. ఎదురు, చూపు. దారి వైపు తిరిగిన రెండు కళ్లు ఆ మాటలోనే ఉన్నాయి. ఇంతెజార్‌లో కూడా చూపు ఉంది, అది నజర్ నుంచి వచ్చిన లఫ్జే. ఉర్దూలో ఎన్నిసార్లు పలికినా ఆ కళ్లు నాకు కనిపించలేదు, తెలుగులో రాసినప్పుడు కనిపించాయి. మోత ఆగితేనే మాట లోపలున్నది తెలిసింది. ఈ పని చేసేవాణ్ని గనుక టో కేని నకలు అని కొట్టిపారేయడం నా వల్ల కాదు.

అలాగని బ్యాండ్ జమాత్‌ది మొండితనం అని కూడా అనలేను. వాళ్ల షికాయత్‌లో హక్కుకు సంబంధించిన మాట ఒకటుంది. స్ట్రీట్‌లైట్‌లో సాక్సఫోన్ ఊదిన జిమ్ కాంటీ, మైక్ బ్రౌన్, ట్రంపెట్ ఊదిన మాట్ స్టీవర్ట్, ట్రాంబోన్ ఊదిన నదవ్ నైరెన్‌బర్గ్. ఈ పేర్లు ఎంతమంది చెబుతారు? ముందు నిలబడి పాడేవాడి పేరు అందరికీ తెలుసు. అతను ఒంటరిగా కూర్చుంటే 'సోలో' అంటారు, ఇంటర్వ్యూలు తీసుకుంటారు. ట్రాంబోన్ ఊదేవాడు ఒంటరిగా కూర్చుని ఊదితే అది వినడానికి ఎంతమంది టికెట్ కొంటారు? బాజా లేని పాటలో స్వరం ఒక్కటే పోలేదు, మనుషులు పోయారు. ఆల్ఫా బడి పిల్లల కథ తెలిసినవాడికి ఇది ఇంకా బరువుగా తగులుతుంది. బరాత్ అయిపోయాక బ్యాండ్ వాళ్లకు ఖానా పెట్టారా లేదా అని మా నానీ ప్రతి షాదీలో అడిగేది. స్కా అభిమాని అడిగేదీ దాదాపు అదే.

న్యాయంగా చెప్పాలంటే పాటలు రాసేది, కూర్చేది కల్నోకీ. తన మాటను తన గొంతుతో వినిపించుకునే హక్కు అతనికుంది. ఒకరి హక్కు ఇంకొకరి హక్కును కొట్టెయ్యదు. అయినా రెండూ ఒక్క వేదిక మీద పట్టవు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఎడిసన్‌లో ఉన్న మా భాంజా కంప్యూటర్ ఉద్యోగంలో ఉన్నాడు. వీసా కాగితాల భయంతో మూడేళ్లుగా ఇంటికి రాలేదు. వెళ్తే మళ్లీ రానిస్తారో లేదో అన్న డర్ అక్కడి మన పిల్లల్లో చాలామందికి ఉంది. ఈ పాటలు నాకు పంపింది వాడే. రాత్రి పని ముగించుకుని గదికొచ్చాక టో కే పాటలు పెట్టుకుంటాడు. వాడి చెల్లెలు ఇక్కడ హైదరాబాద్‌లో చదువుకుంటోంది. అన్న పంపిన బ్యాండ్ పాటలు విని పిచ్చిదైపోయింది. గిటార్ పాటలు పంపితే మాత్రం మొహం ముడుచుకుంది. "బాజాచ్ నై తో కాయ్‌కా గానా మామూ?" అంది. బాజానే లేకపోతే అదేం పాట అని.

ఒక ఆదివారం ఇద్దరూ ఫోన్‌లో గట్టిగానే వాదించుకున్నారు. మధ్యలో నేను. మాటలు నడిచింది మా దక్కనీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఆయన ఒక్కడే పాడుకుంటే నీకెందుకు అంత ఖుషీ?" అని అడిగింది చెల్లెలు.

"మాటలు వినబడతాయి గనుక."

"బ్యాండ్‌లోనూ వినబడతాయి. వినే ఓపిక ఉండాలి."

ఫోన్ పెట్టేశాక అమ్మాయి నాతో మెల్లగా అంది. "భయ్యాకి బాజా లేని పాటే నచ్చుతుంది మామూ. ఆపా షాదీలో బాజా మోగిన రోజు ఆయన ఇక్కడ లేడు కదా."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ షాదీని వాడు ఫోన్‌లో చూశాడు. బరాత్ గేటు దగ్గరికి వచ్చినప్పుడు బ్యాండ్ మోతకు ఫోన్‌లో ఏమీ వినబడటం లేదని వాడే సౌండు తగ్గించుకున్నాడు. ముందురోజు రాత్రి ఆడవాళ్లు ఢోలక్ ముందు పెట్టుకుని పాడిన పాటలు మాత్రం చివరిదాకా విన్నాడు. మన ఢోలక్ కే గీత్ ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఒక ఢోలక్, చప్పట్లు, నవ్వులు, మధ్యలో ఎవరో ఒక ఖాలా గొంతు. అవి దూరం నుంచి కూడా వినబడతాయి.

కొన్నాళ్లకు వాడితో విడిగా మాట్లాడినప్పుడు చెల్లెలి మాట చెప్పలేదు. బ్యాండ్ పాటలు ఎందుకు తగ్గించావు బేటా అని మాత్రం అడిగాను. కాసేపు ఆగి అన్నాడు: "బ్యాండ్ వింటే గదిలో అందరూ ఉన్నట్టుంటుంది మామూ. పాట అయిపోయాక గది ఇంకా ఖాళీ అయిపోతుంది. ఈ ఒక్కడి పాట అయిపోయాక గది ముందెలా ఉందో అలాగే ఉంటుంది."

చిన్నప్పుడే ఒక దేశం వదిలి ఇంకో దేశంలో పెరిగినవాడి పాటలు, ఉద్యోగానికి దేశం వదిలిన మా వాడికి అలా తోడయ్యాయి. వాడి చెల్లెలికి టో కే మీద కోపం లేదు. అన్న గుంపులోంచి వెళ్లిపోయాడని, ఇక ఒంటరిగా ఉండటమే అలవాటు చేసుకుంటాడేమోనని దాని డర్. బ్యాండ్ అభిమానులకు ఉన్నదీ అదే డర్. మనవాడు ఒక్కడే కూర్చుని సుఖంగా పాడుకోవడం నేర్చుకుంటే మళ్లీ మన దగ్గరికి ఎందుకొస్తాడు?

దీనికి జవాబు కల్నోకీ పనిలోనే ఉందని నాకనిపిస్తుంది. 2013లో స్ట్రీట్‌లైట్ మానిఫెస్టో కొత్త ఆల్బమ్ తెచ్చింది. పేరు 'ద హ్యాండ్స్ దట్ థీవ్'. దొంగిలించే చేతులు అని అర్థం. దానికి జోడీగా అవే పాటలను ఒక్కడే గిటార్ మీద పాడిన టో కే ఆల్బమ్ కూడా సిద్ధం చేశాడు. దాని పేరు 'ద హ్యాండ్ దట్ థీవ్స్'. దొంగిలించే చెయ్యి. ఇంగ్లీషులో ఒక్క అక్షరం ఇక్కడి నుంచి అక్కడికి జరిగింది. చేతులు చెయ్యి అయ్యాయి. ఈసారి ఏది ముందు, ఏది వెనక అనే మాటే లేకుండా కవల పిల్లల్లా రెండింటినీ పక్కపక్కన పెట్టాలనుకున్నాడు.

అది అనుకున్నట్టు జరగలేదు. బ్యాండ్‌కీ, దాని పాటలు అమ్మే విక్టరీ రికార్డ్స్ కంపెనీకీ చాలా ఏళ్లుగా పడేది కాదు. కంపెనీ దగ్గర తమ రికార్డులు కొనవద్దని బ్యాండే అభిమానులను బహిరంగంగా కోరింది. ఆ ఝగ్డాలో టో కే ఆల్బమ్ విడుదల ఆగిపోయింది. వ్యవహారం కోర్టుదాకా వెళ్లి, ఏళ్లు గడిచాక రాజీ కుదిరింది. బాజా ఉండాలా వద్దా అని జనం కొట్లాడుకుంటున్న రోజుల్లో, పాట ఎవరి జేబులో ఉండాలనే అసలు కొట్లాట ఇంకోచోట నడిచింది. ఆ కొట్లాటలో మాత్రం రెండు జమాత్‌లూ ఒకే వైపున్నాయి. ఎవరి ఇష్టం ఎలా ఉన్నా, రాసినవాడి చేతికి అతని పాట దక్కాలని.

అతను బ్యాండ్‌ని వదల్లేదు. టూర్లు తగ్గినా స్ట్రీట్‌లైట్ ఆ తర్వాతా వేదికలెక్కింది. ఒంటరిగా పాడటం అతనికి గుంపులోంచి పారిపోయే దారి కాలేదు. ఒక చెయ్యి విడిగా కదిలిందంటే మిగతా చేతులను తెంపేసుకున్నట్టు కాదు.

నా ఫైసలా అడిగేవాళ్లకు ఇంతే చెబుతాను. బ్యాండ్‌ని ముందు వినండి, బాజా ఊదేవాళ్ల పేర్లు తెలుసుకోండి. తర్వాత గిటార్ పాట వినండి. ట్రంపెట్ రావలసిన చోట మీ లోపల అది మోగుతుంది. మోగినంతకాలం ఆ మనుషులు ఆ పాటలో ఉన్నట్టే. ఢోలక్ పాట వింటూ బరాత్‌ని యాద్ చేసుకునేవాడు షాదీకి రానట్టు కాదు. ఇంటికి రావడానికి వాడికి ఇంకా దారి దొరకలేదు, అంతే.